పొడి అక్షరాలకు చుక్క ఎక్కడ పెట్టాలి?

అమీర్‌పేటలో మైత్రీవనం ముందు నిలబడి తలెత్తితే ఎటు చూసినా పొడి అక్షరాలే. ఏడబ్ల్యూఎస్, పీహెచ్‌పీ, ఎస్‌క్యూఎల్, శాప్, టెట్, డీఎస్సీ. నాలుగడుగులు వేస్తే ఎస్సార్ నగర్. మెట్రోలో ఒక్క స్టేషను ఇటు వస్తే పంజాగుట్ట, అక్కడ నిమ్స్. రెండు స్టేషన్లు అటు పోతే ఈఎస్ఐ ఆస్పత్రి. ఈ చుట్టుపక్కల దారి చెప్పాలన్నా, కోర్సు పేరు చెప్పాలన్నా పొడి అక్షరాలు లేకుండా కుదరదు. నోటితో చెప్పేటప్పుడు ఎవరూ తడబడరు. అదే మాట కరపత్రం మీదో, ఫ్లెక్సీ మీదో, వార్తలోనో తెలుగులో రాయాల్సి వచ్చేసరికి సందేహాలు మొదలవుతాయి. ఎస్.ఆర్. నగరా, ఎస్ఆర్ నగరా, ఎస్సార్ నగరా? డా తర్వాత చుక్క ఉండాలా? నిమ్స్‌ను ఎన్.ఐ.ఎం.ఎస్. అని రాయాలా?

బళ్లో మనకు సంధులు చెప్పారు, సమాసాలు చెప్పారు. ఈ చుక్కల సంగతి మాత్రం పెద్దగా చెప్పలేదు. అందుకే ఇది అక్షరం అక్షరం నేర్చుకునేవారి కోసం రాస్తున్నాను: కొత్తగా డెస్కులో చేరిన సబ్ ఎడిటర్లకు, డీటీపీ సెంటర్‌లో కూర్చునేవారికి, ఇంట్లో పెళ్లి పత్రిక ప్రూఫు చూసే బాధ్యత నెత్తిన పడినవారికి.

మొదటి పని: పైకి చదవండి

కాగితం మీద పెట్టే ముందు ఆ మాటను గట్టిగా పలకండి. మీ నోరు మూడు పనుల్లో ఏదో ఒకటి చేస్తుంది.

కాగితం మీద డా. అని ఉన్నా మీరు డాక్టర్ అనే చదువుతారు. రూ. అని ఉంటే రూపాయలు అంటారు. కి.మీ. కనబడితే కిలోమీటర్లు అంటారు. అంటే రాత పొట్టిది, పలుకు పొడుగుది. ఇవి కత్తిరించిన మాటలు.

ఈఎస్ఐ, జీహెచ్ఎంసీ, కేపీహెచ్‌బీ లాంటివి అలా కావు. వీటిని చూసి ఎవరూ పూర్తి పేరు చదవరు. ఒక్కో అక్షరాన్నీ దాని పేరుతో పిలుచుకుంటూ పోతారు.

ఇక నిమ్స్, టెట్, ఇస్రో. వీటిని అక్షరాలుగా విడగొట్టం. మామూలు మాటలాగే ఒక్క ఊపులో అనేస్తాం.

ఈ తేడా తెలియడానికి మైత్రీవనాన్ని మించిన ఉదాహరణ లేదు. ఆ భవనం 1975లో పుట్టిన హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థది. ఆ సంస్థను అందరూ హుడా అనేవారు, అది ఒక మాట. 2008లో దాని స్థానంలో మహానగరాభివృద్ధి సంస్థ వచ్చింది. అది హెచ్ఎండీఏ అయింది, ఇప్పుడు అక్షరాలు లెక్కపెట్టినట్టు చదువుతున్నాం. భవనం అదే, సంస్థ పరిధి పెరిగింది, పేరు మధ్యలో మారిన ఒక్క పదం వల్ల పలికే తీరు మారిపోయింది. రాసే పద్ధతి నిర్ణయించేది ఈ పలికే తీరే తప్ప ఇంగ్లీషులో అది ఎలా ఉందన్నది కాదు.

కత్తిరించిన మాటకు చుక్క తప్పదు

ఇక్కడ నియమం గట్టిది. మాటను సగంలో కోసి, చదివేవాడు దాన్ని పూర్తి చేసుకోవాలని మీరు ఆశిస్తుంటే, కోసిన చోట చుక్క పెట్టాలి. డా., ప్రొ., రూ., కి.మీ., క్రీ.శ., ఉదా., కీ.శే., చి.ల.సౌ. ఆ చుక్క చదివేవాడికి చేసే సైగ: ఇక్కడ ఇంకా కొంత ఉంది, నువ్వు పూరించుకో అని. అది లేకపోతే ‘డా’ అనేది అర్థం లేని అక్షరంగా మిగిలిపోతుంది.

ఇంగ్లీషులో డాక్టర్‌కు బ్రిటన్ వాళ్లు చుక్క పెట్టరనీ, మనమూ మానేయొచ్చనీ కొందరు వాదిస్తారు. బ్రిటన్ పద్ధతికి ఒక లెక్క ఉంది. పొట్టి రూపం చివర అసలు మాటలోని చివరి అక్షరమే ఉంటే వాళ్లు చుక్క వదిలేస్తారు. వాళ్ల డాక్టర్ పొట్టి రూపంలో మొదటి అక్షరమూ చివరి అక్షరమూ రెండూ ఉన్నాయి కాబట్టి వాళ్లకది చెల్లింది. అమెరికా వాళ్లు అప్పుడూ చుక్క పెడతారు. మన ‘డా’లో చివరి అక్షరం ఎక్కడుంది? తోక మొత్తం పోయింది. కనుక బ్రిటన్ లెక్క వేసినా తెలుగులో చుక్క ఉండాల్సిందే.

దీనికి తలకిందులుగా జరిగే తప్పు ‘శ్రీ.’ అని రాయడం. ఫ్లెక్సీల మీద, శుభలేఖల మీద ఇది తెగ కనబడుతుంది. శ్రీ పొట్టి రూపం కాదు, నిండైన మాట. దాన్ని కోయలేదు, కాబట్టి చుక్క అక్కర్లేదు. శ్రీమతి, కుమారి కూడా అంతే. కుమారిని కు. అని కుదిస్తే మాత్రం చుక్క పెట్టాలి.

ఈ చుక్క మనకు అచ్చుయంత్రంతో పాటు ఇంగ్లీషు నుంచి వచ్చింది. మన పాత అలవాటు జంట నిలువు గీతలు. డా॥, సం॥, గం॥, చి॥ల॥సౌ॥ అని పెద్దవాళ్ల ఉత్తరాల్లో చూసే ఉంటారు. పెళ్లి పత్రికల్లో ఇవి ఇప్పటికీ బతికే ఉన్నాయి, అక్కడ అందంగా కూడా ఉంటాయి. వాడదలిస్తే నిరభ్యంతరంగా వాడండి. కాకపోతే రెండు జాగ్రత్తలు. ఒకే పత్రికలో ఒక చోట డా. అనీ మరో చోట సం॥ అనీ కలపొద్దు. కీబోర్డు మీద చేతికందిన ఏటవాలు గీతలు రెండు కొట్టి సరిపెట్టొద్దు. యూనికోడ్‌లో తెలుగుకంటూ విడిగా జంట దండం లేదు, దేవనాగరి వరుసలోని 0965 సంఖ్య గల గుర్తునే మనమూ వాడుకోవాలి.

కత్తిరింపు మనకు కొత్త విద్యేం కాదు. పద్య కావ్యం ఏది తెరిచినా ప్రతి పద్యం నెత్తిన ఉ., చం., శా., మ., సీ., తే.గీ., ఆ.వె. అని ఉంటుంది. ఒక్క అక్షరం, ఒక్క చుక్క: ఛందస్సు తెలిసిన పాఠకుడు ఉత్పలమాల అనో, చంపకమాల అనో అందుకుంటాడు. నిఘంటువుల్లో వి. అంటే విశేష్యం. గమనించారా, ఆటవెలదిని ఆ.వె. అనే ఎందుకు రాశారో? సమాసంలోని రెండు భాగాలకూ చెరో అక్షరం, చెరో చుక్క ఇచ్చారు. కి.మీ., క్రీ.శ.లు నడిచేదీ ఈ దారిలోనే.

అక్షరాలుగా పలికేవాటికి రెండు దారులు

ఇది కాస్త పెద్ద సంగతి. తొందర పడకుండా చూద్దాం.

ఒక దారి చుక్కలది: ఇ.ఎస్.ఐ., జి.హెచ్.ఎం.సి., ఎన్.టి.ఆర్. రెండో దారి చుక్కలు లేనిది: ఈఎస్ఐ, జీహెచ్ఎంసీ, ఎన్టీఆర్. రెండూ ఒప్పే. పుస్తకాల్లో, పాత సర్కారీ కాగితాల్లో మొదటిది ఎక్కువ. దినపత్రికల్లో రెండోది స్థిరపడింది. మొదలుపెట్టేవారు రెండోదే పట్టుకోవడం మేలని నా అభిప్రాయం. చుక్కలు ఎక్కువైన కొద్దీ తప్పిపోయే చుక్కలూ ఎక్కువవుతాయి, విభక్తి చేర్చడమూ కష్టమవుతుంది.

రెండు దారులకూ మధ్య మరో తేడా ఉంది. చాలామంది కళ్లకు అది ఆనదు. చుక్కలు పెట్టినప్పుడు పి, టి, బి, సి అని హ్రస్వాలు రాస్తాం. చుక్కలు తీసేసినప్పుడు పీ, టీ, బీ, సీ అని దీర్ఘాలవుతాయి. పి.వి. నరసింహారావు, పీవీ. కె.సి.ఆర్., కేసీఆర్. బి.జె.పి., బీజేపీ. చుక్క ఉన్నప్పుడు అది పొడి అక్షరమని కంటికి తెలిసిపోతుంది. అది లేనప్పుడు ‘పివి’ అంటే ఏదో ఒక మాటనుకుని చదివే ప్రమాదముంది, దీర్ఘం ఆ అనుమానాన్ని తీరుస్తుంది. అందుకే ‘పీ.వీ.’ అనీ ‘బిజెపి’ అనీ రాసినవి చదవడానికి ఇబ్బంది లేకపోయినా కంటికి పొసగవు.

ఇక తెలుగు నోటి గడుసుదనం. పొల్లు హల్లు పక్కకు అచ్చు వస్తే మన నాలుక ఊరుకోదు, హల్లును రెట్టించి కలిపేస్తుంది. ఎస్, ఆర్ కలిసి ఎస్సార్. ఎన్, ఆర్, ఐ కలిసి ఎన్నారై. అలాగే ఎస్సై, ఎమ్మార్వో, ఎమ్మెస్సీ. ఎమ్మెల్యే అయితే ఎంత తెలుగైపోయిందంటే అది పొడి అక్షరాల నుంచి వచ్చిందన్న సంగతే గుర్తుండదు. ఇలా కలిసిపోయిన రూపం రాసినప్పుడు లోపల ఎక్కడా చుక్క ఉండకూడదు. అమీర్‌పేట పక్కనున్న నీలం సంజీవరెడ్డి పేరు పెట్టిన కాలనీని ఎస్.ఆర్. నగర్ అని రాయొచ్చు, ఎస్ఆర్ నగర్ అనొచ్చు, ఎస్సార్ నగర్ అనొచ్చు. ‘ఎస్సార్. నగర్’ అని మాత్రం రాయకూడదు. ద్విత్వం కలిపింది, చుక్క విడగొట్టింది. ఒకే చోట రెండు పనులూ చేయలేం.

అలాగని ప్రతిదాన్నీ కలపొద్దు. వాడుకలో స్థిరపడినవాటినే కలపండి. హెచ్ఎండీఏని హెచ్చెండీఏ అని రాస్తే పాఠకుడు ఆగిపోతాడు.

కంప్యూటర్ మీద రాసేవారికి మరో చిక్కు. పొల్లు పక్కకు హల్లు వస్తే అది ఒత్తుగా మారి కిందికి జారుతుంది. ఎల్బీ, ఆర్టీసీ, ఎన్టీఆర్ లాంటి చోట్ల అది అలవాటైపోయింది కాబట్టి బాగానే ఉంటుంది. ఎస్‌క్యూఎల్ దగ్గర చూడండి. అడ్డేమీ పెట్టకుండా కొడితే ‘ఎస్క్యూఎల్’ అవుతుంది. సకారం కింద రెండు ఒత్తులు పడి, ఏ అక్షరం ఎక్కడ మొదలైందో తెలియదు. ఇలాంటి చోట పొల్లుకూ హల్లుకూ మధ్య కంటికి కనబడని విడదీత గుర్తు పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వర్డ్‌లో 200 కొట్టి, వెంటనే ఇంగ్లీషు సి అక్షరం చేర్చి, ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే ఆ గుర్తు పడుతుంది. దాని బదులు ఖాళీ వదిలితే ‘ఎస్ క్యూఎల్’ అని మాట రెండు ముక్కలై, పంక్తి చివర ఒక ముక్క పైనా ఒక ముక్క కిందా పడుతుంది.

మాటలైపోయినవాటిని మాటల్లాగే చూడండి

నిమ్స్, టెట్, నీట్, ఇస్రో. వీటిలో చుక్కల్లేవు. ‘ని.మ్స్.’ అనో ‘టె.ట్.’ అనో రాస్తే దానికి తలాతోకా ఉండదు, ఎందుకంటే ‘ని’ దేనికీ పొట్టి రూపం కాదు. తెలుగు మాటల నుంచి పుట్టినవాటికీ ఇదే వర్తిస్తుంది. 1943లో తెనాలిలో మొదలైన అభ్యుదయ రచయితల సంఘం అరసం అయింది, 1970లో ఏర్పడ్డ విప్లవ రచయితల సంఘం విరసం అయింది. 1988 జ్ఞానపీఠ పురస్కార గ్రహీత సి. నారాయణ రెడ్డి పేరులో ‘సి.’ ఇంటిపేరుకు కత్తిరింపు, అక్కడ చుక్క ఉండాలి. అదే మనిషిని సినారె అన్నప్పుడు చుక్క ఒక్కటీ ఉండదు, అది పూర్తి పేరులాగే నడుస్తోంది. పార్టీల పేర్లనూ ఈనాడు పత్రిక ఈ దారిలోనే తెదేపా, భాజపా అని కూర్చుకుంది. మిగతా పత్రికలు టీడీపీ, బీజేపీ అని అక్షరాల దారి పట్టాయి. ఏ దారైనా ఒకటే పట్టుకుని నడవాలి, అంతే.

ఈ మూడో రకంలో తెలుగుకు మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటుంది. ఇంగ్లీషులో పెద్ద బడి, చిన్న బడి అక్షరాలున్నాయి. అన్నీ పెద్దవైతే అది సంక్షిప్తమని తెలిసిపోతుంది. మనకు ఆ సౌకర్యం లేదు. అమీర్‌పేటలో ‘నెట్ కోచింగ్’ అని తెలుగులో బోర్డు పెడితే ఏమని అర్థం చేసుకోవాలి? యూజీసీ వారి అర్హత పరీక్షా? మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్టా? ఇంటర్నెట్ పాఠాలా? మూడూ నెట్‌లే. చుక్క పెట్టి తప్పించుకుందామంటే ‘నె.ట్.’ అనేది లేనే లేదు. మందు ఒక్కటే: ముందు ఒక గుర్తింపు మాట చేర్చడం. యూజీసీ నెట్ అనండి, డాట్‌నెట్ అనండి, ఇంటర్నెట్ అనండి.

డాట్‌నెట్ సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను, దాని ముందున్న చుక్క సంక్షిప్త చిహ్నం కాదు, పేరులో భాగం. తెలుగులో ‘.నెట్’ అని రాస్తే పాఠకుడు దాన్ని వెనకటి వాక్యపు ఫుల్‌స్టాప్ అనుకుంటాడు. అక్షరాల్లో డాట్‌నెట్ అని రాయడమే మంచిది. శాప్, ఎస్‌క్యూఎల్‌లకు రెండేసి పలుకుబళ్లున్నాయి. శాప్‌ను కొందరు ఎస్‌ఏపీ అంటారు, ఎస్‌క్యూఎల్‌ను కొందరు సీక్వెల్ అంటారు. మీ విద్యార్థులు ఏమంటారో అదే రాయండి.

విభక్తి, ఖాళీ, వాక్యం చివర

చుక్కలు లేని రూపానికి విభక్తి తిన్నగా అతుక్కుంటుంది: నిమ్స్‌లో, ఆర్టీసీకి, ఎమ్మెల్యేలతో. చుక్కలున్న రూపానికి చివరి చుక్క తర్వాత ఖాళీ వదలకుండా చేర్చాలి: జి.హెచ్.ఎం.సి.లో, 5 కి.మీ.ల దూరం. ‘నిమ్స్ లో’ అని విడగొట్టడం తెలుగు కాదు.

పేర్ల ముందు పొడి అక్షరాల మధ్య ఖాళీ వద్దు, ఆఖరి చుక్కకూ పేరుకూ మధ్య ఒక ఖాళీ ఉండాలి: పి.వి. నరసింహారావు. వర్డ్‌లో ఆ ఖాళీని కంట్రోల్, షిఫ్ట్, స్పేస్ కలిపి కొడితే పంక్తి చివర ‘పి.వి.’ ఒంటరిగా మిగిలిపోదు.

వాక్యం చివర సంక్షిప్తం వస్తే చుక్క ఒక్కటే. ‘దూరం 5 కి.మీ.’ అన్నప్పుడు ఆ చివరి చుక్కే రెండు పనులూ చేస్తుంది. ప్రశ్నార్థకం వస్తే మాత్రం రెండూ ఉండాలి: దూరం 5 కి.మీ.?

రూ. తర్వాత అంకె రాశాక మళ్లీ ‘లు’ చేర్చొద్దు, రూ. లోనే రూపాయలు ఉన్నాయి. అంకె చివర ‘/-’ గీతలు చెక్కు మీద ఎవరూ మరో అంకె చేర్చకుండా పెట్టేవి, వ్యాసంలో వాటికి పనిలేదు.

ఒక కరపత్రాన్ని దిద్దుదాం

ఇలాంటిది మీ చేతికి ప్రూఫుగా వచ్చిందనుకోండి:

‘టె.ట్. మరియు డి.ఎస్సీ. తరగతులు. ఎస్సార్.నగర్ లో టి.ఎస్.ఆర్టీసీ. బస్టాపు ఎదురుగా. ఉ 10 గం. లకు ప్రారంభం. ఫీజు రూ 5000/-లు మాత్రమే..’

టెట్ ఒక మాట, చుక్కలు తీసేయండి. ‘డి.ఎస్సీ.’లో సగం విడదీసి సగం కలిపారు, డీఎస్సీ చేయండి. ఎస్సార్ తర్వాత చుక్క పోవాలి, ‘లో’ నగర్‌కు అతుక్కోవాలి. టీఎస్ అనేదే పాతబడింది. 2024లో తెలంగాణ సంక్షిప్తం టీజీ అయ్యింది, సంస్థ పేరు టీజీఎస్ఆర్టీసీగా మారింది. అయినా బస్టాపు గుర్తు చెప్పడానికి ఆర్టీసీ చాలు. ‘ఉ’ పక్కన చుక్క లేదు. కరపత్రంలో చోటుంది కాబట్టి ఉదయం అనే రాసేద్దాం, గంటలకు అని కూడా పూర్తిగా రాద్దాం. పట్టికలో అయితే ఉ. 10 గం. సరిపోతుంది. చివరి రెండు చుక్కల్లో ఒకటి దండగ.

‘టెట్, డీఎస్సీ తరగతులు. ఎస్సార్ నగర్‌లో ఆర్టీసీ బస్టాపు ఎదురుగా. ఉదయం 10 గంటలకు ప్రారంభం. ఫీజు రూ.5,000 మాత్రమే.’

చుక్క ఎక్కడ పెట్టాలో తేలకపోతే పూర్తి మాట రాసేయడంలో చిన్నతనం లేదు. పాఠకులకు అలవాటు లేని సంక్షిప్తమైతే మొదటిసారి పూర్తి పేరు రాసి పక్కన పొట్టి రూపం ఇవ్వండి: విప్లవ రచయితల సంఘం (విరసం). ఆ తర్వాత విరసం చాలు. ఒక్కసారే వచ్చే పేరుకు పొట్టి రూపం ఇవ్వడం శుద్ధ దండగ.

సాధనకు మెట్రో ఎక్కండి

మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఎర్ర లైను మీద 27 స్టేషన్లున్నాయి. వాటి పేర్లు ఇంగ్లీషులో చూసి తెలుగులో రెండు పద్ధతుల్లోనూ రాసి చూసుకోండి. జె.ఎన్.టి.యు. కాలేజీ, జేఎన్‌టీయూ కాలేజీ. కె.పి.హెచ్.బి. కాలనీ, కేపీహెచ్‌బీ కాలనీ. ఇక్కడ కె, పి రెండూ కూకట్‌పల్లి అనే ఒక్క పేరులోవే, అయినా నోటితో విడివిడిగా అంటాం కనుక చుక్కల పద్ధతిలో చెరో చుక్క. ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి, ఈఎస్ఐ ఆస్పత్రి. ఎస్.ఆర్. నగర్, ఎస్సార్ నగర్. ఎం.జి. బస్ స్టేషన్, ఎంజీ బస్ స్టేషన్. ఎల్.బి. నగర్, ఎల్బీ నగర్.

వీటన్నిటిలో జాగ్రత్తగా చూడాల్సింది డా. బి.ఆర్. అంబేద్కర్ బాలానగర్. అక్కడ మూడు చుక్కలున్నాయి, రెండు రకాలవి. డా. పక్కనున్నది డాక్టర్ అని పూర్తిగా చదవమంటుంది, బి.ఆర్. పక్కనున్నవి అక్షరాలనే చదవమంటాయి. చుక్కల్లేని పద్ధతిలో రాసినా డా. పక్కన చుక్క నిలవాలి: డా. బీఆర్ అంబేద్కర్. ఈ ఒక్క పేరు తడుముకోకుండా రాయగలిగితే మీకు ఈ విద్య వచ్చినట్టే.

డీటీపీ సెంటర్ల వారికి, అక్కడికి మ్యాటర్ పట్టుకొచ్చేవారికి ఒక విన్నపం. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నారో ఒక కాగితం మీద రాసి, తరచుగా వచ్చే పొడి అక్షరాలు ఇరవయ్యో ముప్పయ్యో దాని కింద వరుసగా పెట్టి, కంప్యూటర్ పక్కన గోడకు అంటించండి. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు మిమ్మల్ని అడగకుండానే నేర్చుకుంటాడు.